పది సెకన్ల కాగితం

ఆ రోజు నేను దేనికీ భయపడటం లేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత మూడేళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న అదే: ‘దేనికమ్మా అంత భయం?’

2022 మార్చి 28, సోమవారం. విశాఖపట్నం ద్వారకానగర్‌లో మేడ మీద మా ఆడిటరు గారి ఆఫీసు. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు రోజులు మిగిలాయి. ఒక బట్టల దుకాణం వారి కొనుగోలు బిల్లులు వరుసగా సరిచూస్తున్నాను. పని ఎక్కువే, కానీ నాకు నచ్చిన పని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మధ్యాహ్నం మూడున్నర దాటాక కింద పడిన పెన్ను తీసుకుందామని వంగి లేచాను. గుండె ఒక్కసారి బోర్లా పడినట్టయింది. ఆ వెంటనే పరుగు అందుకుంది.

మెడలో సన్న గొలుసు ఉంది. తల వంచి చూస్తే దాని లాకెట్టు ఒక్కో దెబ్బకూ ఎగిరెగిరి పడుతోంది. గోడ గడియారం చూస్తూ మణికట్టు పట్టుకుని పదిహేను సెకన్లు లెక్కపెట్టాను. నలభై రెండు. నాలుగుతో హెచ్చవేస్తే నిమిషానికి 168. కూర్చున్న మనిషికి 60 నుంచి 100 దాకా ఉండాలని అప్పటికే తెలుసు. పక్క బల్ల దగ్గర ఉన్న అక్కకు చెప్పాలా వద్దా అని ఆలోచిస్తూనే చేతిలో బిల్లుల మీద టిక్కులు పెడుతూ పోయాను. పదకొండు నిమిషాల తర్వాత, స్విచ్చి కట్టేసినట్టు, ఆగిపోయింది. మెల్లగా తగ్గలేదు. ఆగిపోయింది. ఆ పేజీ జిరాక్సు ఇప్పటికీ నా దగ్గర ఉంది. సగం దాకా టిక్కులు తిన్నగా ఉంటాయి, ఆ తర్వాత ఎనిమిది వరుసలు వణికి ఉంటాయి, మళ్లీ తిన్నగా ఉంటాయి.

సాయంత్రం ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఈసీజీ తీశారు. డాక్టరు గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, “ఏమీ లేదమ్మా, అంతా నార్మల్” అన్నారు. ఉద్యోగం చేస్తున్నావా అని అడిగారు. చేస్తున్నానన్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారా అన్నారు. చూస్తున్నారన్నాను. “మరి అదే టెన్షన్” అని చెప్పి, నిద్ర పట్టడానికి పది రోజులకు మాత్రలు రాశారు. ఎలా మొదలైందని అడగలేదు. ఎలా ఆగిందని అడగలేదు. నేను చెప్పబోయేలోపు తర్వాతి పేరు పిలిచారు.

ఆ కాగితం గురించి నేను తర్వాత తెలుసుకున్నది చెబుతాను. మామూలుగా తీసే ఈసీజీ పది సెకన్ల రికార్డు. గుండె ఆ పది సెకన్లు ఎలా కొట్టుకుందో చాలా నమ్మకంగా చెబుతుంది. రోజులో 86,400 సెకన్లు ఉంటాయి. అంటే రోజును పదేసి సెకన్ల ముక్కలు చేస్తే 8,640 ముక్కలు, వాటిలో ఒక ముక్క ఆ కాగితం. మా ఆఫీసులో 8,640 వోచర్లున్న పుస్తకంలో ఒక్క వోచరు తీసి చూసి, అది సరిగ్గా ఉంది కాబట్టి లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని ఎవరైనా సంతకం పెడితే ఆ మనిషికి ఉద్యోగం ఉండదు. పైగా నేను చూపించింది దొంగ వోచరు దొరికిన గంటను వదిలేసి, వేరే గంటలోది.

డాక్టరు గారు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. ఆ పది సెకన్లలో నిజంగానే ఏమీ లేదు. కానీ ‘ఈ కాగితంలో ఏమీ లేదు’ అనే వాక్యం ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి ‘నీకు ఏమీ లేదు’గా మారిపోయింది. నా ఫిర్యాదంతా ఆ మార్పు మీదే. పరీక్ష చేశాక చెప్పగలిగే మాటలు మూడున్నాయి: జబ్బు ఫలానా అని తెలిసింది, ప్రమాదకరమైనవి లేవని తేలింది, కారణం ఇంకా తెలియలేదు. మా వయసు వాళ్లలో చాలా మందికి నిజంగా వర్తించేవి రెండోదీ మూడోదీ కలిపి. ఆ రెంటినీ విడదీసి చెప్పకుండా ‘ఏమీ లేదు’ అని మూట కట్టి చేతిలో పెడితే, ఆ మూటను ఇంటికి మోసుకెళ్లాల్సింది రోగి.

ఇందులో మన భాష పాత్ర కూడా ఉంది. తెలుగులో గుండె ఎప్పుడూ భయానికో బాధకో సాక్షి. భయమేస్తే గుండె గుభేలుమంటుంది, గుండెల్లో రైళ్లు పరుగెడతాయి, కబురు వింటే గుండె జారిపోతుంది, దుఃఖం వస్తే చెరువవుతుంది, ధైర్యం కావాలంటే దాన్నే రాయి చేసుకోవాలి. ఇక ‘గుండెదడ’ అన్న మాటలో భయం పుట్టుకతోనే ఉంది. ‘నాకు గుండెదడగా ఉంది’ అని నేనంటే, అవతలి మనిషి చెవిలో పడేది ‘నాకు భయంగా ఉంది’ అని. కారణం నా శరీరంలో ఉందేమో చూడండి అని అడిగితే, నా మనసులో వెతకడం మొదలుపెడతారు. ఒక దెబ్బ తప్పడానికీ, అన్నీ త్వరగా పడటానికీ, వేగం మామూలే అయినా బలంగా కొట్టుకోవడానికీ మనకు ఒకటే మాట. లోపల జరిగేవి మాత్రం మూడు వేర్వేరు సంగతులు. చాలా రోజుల తర్వాత నేను ‘దడ’ అనడం మానేసి, ‘మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేనట్టు’ అనీ, ‘కుట్టుమిషను ఒక్కసారిగా తొక్కినట్టు’ అనీ చెప్పడం నేర్చుకున్నాను. మొదటిది క్షణంపాటు వచ్చేది. రెండోది ఆ సోమవారం వచ్చింది.

ఇంట్లో మాట ఇంకోలా మారింది. మా ఇల్లు గోపాలపట్నంలో. అమ్మ మొదట నాకు దిష్టి తీసింది, తర్వాత తలుపు దగ్గరకు వేసి, “ఈ సంగతి పెద్దమ్మ వాళ్ల దగ్గర అనకు తల్లీ” అంది. ఆమెను నేను తప్పుపట్టను. ‘ఆ అమ్మాయికి గుండె జబ్బట’ అన్న మాట ఒక్కసారి వీధిలో పడితే, దాన్ని వెనక్కి తీసుకునే కాగితం ఏ ఆసుపత్రీ ఇవ్వదని ఆమెకు తెలుసు. కానీ ఆ జాగ్రత్త వల్ల నేను చేసిన పనులు చూడండి. పెళ్లిళ్లలో భోజనం బంతిలో కూర్చున్నప్పుడు వస్తే నీళ్లగ్లాసు పట్టుకుని నవ్వుతూ ఉండేదాన్ని. బస్సులో వస్తే కళ్లు మూసుకుని నిద్ర నటించేదాన్ని. ఒకసారి పెళ్లిచూపుల్లో కాఫీ ట్రే పట్టుకుని నిలబడినప్పుడు వచ్చింది. కప్పులు సాసర్ల మీద గలగలమంటుంటే, వచ్చినవాళ్లు సిగ్గుపడుతోందని ముచ్చటపడ్డారు. డాక్టరు దగ్గర ‘ఏమీ లేదు’, బయట ‘ఏమీ అనకు’. ఈ రెండింటి మధ్య ఉన్నదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు అర్థం కాలేదు.

పైగా అవి ఎలాంటి రోజులో గుర్తు చేసుకోండి. 2022 ఫిబ్రవరి 21న మంత్రి గౌతమ్‌రెడ్డి గారు యాభై ఏళ్లకే హఠాత్తుగా పోయారు. 2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో తారకరత్న గారు కుప్పకూలి, ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఆయనకు ముప్ఫై తొమ్మిదే. వ్యాయామశాలలో, పెళ్లిలో, క్రికెట్టు ఆడుతూ కుప్పకూలిన కుర్రాళ్ల వీడియోలు రోజుకొకటి ఫోనుకు వచ్చేవి. కరోనా తర్వాత అంతా ఇంతేనని ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు. ఆ రోజుల్లో రాత్రి ఎడమవైపు తిరిగి పడుకునేదాన్ని కాదు, ఆ వైపు పడుకుంటే గుండె చప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది కాబట్టి. గుండెపోటు అంటే గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోవడం, లయ తప్పడం వేరే సంగతి అని అప్పుడు ఎవరైనా కూర్చోబెట్టి పది నిమిషాలు చెప్పి ఉంటే నేను ఎన్ని రాత్రులు నిద్రపోయేదాన్నో.

ఏడాదిన్నర ఇలా గడిచింది. ఈలోగా నేను మరో ముగ్గురు డాక్టర్ల దగ్గరకు వెళ్లాను. ఈ పని తప్పని నాకు తెలుసు. ‘ఏమీ లేదు’ అన్న మాట విన్న మనిషి రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తుంది: నోరు మూసుకుంటుంది, లేదా ఇంకో గుమ్మం తొక్కుతుంది. నేను రెండూ చేశాను. థైరాయిడ్ పరీక్ష మూడుసార్లు చేయించుకున్నాను, మూడుసార్లూ బాగానే ఉంది. రక్తం మాత్రం తక్కువని తేలింది: హిమోగ్లోబిన్ 10.9. ఆడవాళ్లకు 12 ఉండాలి. రక్తహీనత ఉంటే గుండె వేగంగా కొట్టుకుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కాబట్టి నాలాంటి వాళ్లందరూ ముందు ఆ పరీక్ష చేయించుకోవాలని గట్టిగా చెబుతాను. కారణం దొరికిందని ఎంత సంతోషించానో చెప్పలేను. నాలుగు నెలలు ఐరన్ మాత్రలు వేసుకున్నాను. 12.6కు వచ్చింది. ఆయాసం పోయింది, జుట్టు రాలడం తగ్గింది. కుట్టుమిషను మాత్రం ఆగలేదు.

అయిదో డాక్టరు యాభై దాటిన ఆవిడ. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా కాగితాల కట్ట పక్కన పెట్టి, “ముందు ఇవి వద్దు. గుండె ఎలా కొట్టుకుందో వేలితో ఈ బల్ల మీద కొట్టి చూపించు తల్లీ” అన్నారు. నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత చూపుడువేలితో కొట్టాను. టక్, టక్, టక్కటక్, ఆగి, ధన్. “ఇది ఒకటి. ఇంకోటి ఉందా?” అన్నారు. వేగంగా, ఒకే ఎడంతో, చేయి నొప్పి పెట్టేదాకా కొట్టాను. ఆవిడ తన వాచీ చూస్తూ కూర్చున్నారు. “ఇది చటుక్కున మొదలవుతుందా, మెల్లగా పెరుగుతుందా?” చటుక్కున అన్నాను. “ఆగడం?” చటుక్కునే. అప్పుడు నాకు కన్నీళ్లు వచ్చాయి. ఆవిడ వాటిని పట్టించుకోకుండా అడుగుతూనే పోయారు. ఎప్పుడైనా స్పృహ తప్పి పడిపోయావా? పరుగెత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు వస్తుందా? ఛాతీలో నొప్పి ఉంటుందా? మీ ఇంట్లో నలభై ఏళ్ల లోపు ఎవరైనా హఠాత్తుగా పోయారా? వీటిలో ఒక్కదానికి అవునన్నా కథ వేరుగా ఉంటుందనీ, ఆ రోజే వెంటపడి చూడాలనీ చెప్పారు. నేను అన్నిటికీ లేదన్నాను.

ఎకో, అంటే ధ్వని తరంగాలతో గుండెను చూసే స్కాన్, తీశారు. గుండె నిర్మాణం బాగుంది. ఛాతీకి తీగలు అంటించి, నడుముకు అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా తగిలించి, 24 గంటలు ఉంచుకోమన్నారు. రోజంతా గుండె లయను రికార్డు చేసే ఆ డబ్బా పేరు హోల్టర్. అమెరికాలో నార్మన్ హోల్టర్ అనే ఆయన 1940లలో దీని మొదటి రూపం తయారుచేసినప్పుడు దాదాపు 38 కిలోల రేడియో సామగ్రిని వీపున మోశాడు. రోగి మంచం మీద కదలకుండా పడుకున్నప్పుడు తీసిన రికార్డు, బతుకుతున్న మనిషి రికార్డు కాదని ఆయనకు అనిపించింది. ఆ సంగతి చదివినప్పుడు నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. నేను ఆ డబ్బాతో బస్సెక్కాను, ఆఫీసులో పని చేశాను, సాయంత్రం రామకృష్ణ బీచి దాకా వెళ్లి జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా గట్టు మీద కూర్చున్నాను. ఏది తోచినా టైము రాయమని చిన్న పుస్తకం ఇచ్చారు.

నా గుండె ఆ రోజు 1,04,612 సార్లు కొట్టుకుంది. అందులో 38 దెబ్బలు ముందుగా పడ్డాయి. గుండెకు లయ ఇచ్చే కణాలు కుడివైపు పై గదిలో ఉంటాయి. ఒక్కోసారి వేరే చోట ఉన్న కణాలు తొందరపడి ముందే ఒక దెబ్బ వేస్తాయి. ఆ తర్వాత చిన్న విరామం వస్తుంది, ఆ విరామంలో గుండెలోకి రక్తం ఎక్కువ చేరుతుంది, కాబట్టి తర్వాతి దెబ్బ బలంగా పడుతుంది. మనకు తెలిసేది ఆ ఖాళీ, ఆ ‘ధన్’. ఇది ఏ జబ్బూ లేనివాళ్లలో కూడా చాలా మామూలని ఆవిడ చెప్పారు. 38లో నేను పుస్తకంలో రాసుకున్నవి అయిదు. మిగతా ముప్ఫై మూడు నాకు తెలియనే తెలియలేదు. సగం భయం ఆ లెక్కతోనే పోయింది.

కుట్టుమిషను ఆ రోజు రాలేదు.

ఆవిడ చెప్పిన మాటలు ఇంటికి రాగానే రాసిపెట్టుకున్నాను. “ప్రాణం మీదకు తెచ్చేవి ఏవీ నాకు కనిపించలేదు. అప్పుడప్పుడూ తప్పే దెబ్బకు మందు అక్కర్లేదు. ఆ పరుగు ఎందుకు వస్తోందో నాకు ఇంకా తెలియదు. అది ఉన్నప్పుడు రికార్డు దొరికితే చెప్పగలను.” కాగితం మీద బొమ్మ గీసి తన అనుమానమూ చెప్పారు. కొందరికి పుట్టుకతోనే గుండెలో విద్యుత్తుకు అదనంగా ఇంకో దారి ఉంటుంది. మామూలుగా కిందికి వెళ్లి ఆగిపోవాల్సినది ఆ దారిలో పైకి వచ్చి మళ్లీ కిందికి వెళ్లి గుండ్రంగా ప్రదక్షిణ చేస్తుంది. అది తిరిగినంతసేపూ గుండె పరుగెడుతుంది, ఆగితే చటుక్కున ఆగుతుంది. అదే అని తేలితే, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ దారిని మాడ్చేసే చికిత్స కూడా ఉంది. తేలేదాకా అది అనుమానమే. ఇలాంటి పరుగు ఉన్న 107 మంది మీద 1997లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో, వాళ్లలో 67 శాతం మంది లక్షణాలు ‘పానిక్’ అనే మానసిక సమస్య కొలతలకు సరిపోయాయి, సగానికి పైగా మందిలో మొదటి పరీక్షలో అసలు జబ్బు బయటపడలేదు. నాది అదే అని నేను అనడం లేదు. ‘టెన్షన్’ అని ముద్ర వేసే ముందు, మొదలైంది ఎలా, ఆగింది ఎలా అని అడగడానికి పట్టే అర నిమిషం ఎంత విలువైనదో చెబుతున్నాను.

దీనికి ఎదురు మాట కూడా ఉంది, అది బలమైనదే. ఒక డాక్టరు అన్నయ్య నాతో చాలాసేపు వాదించాడు. ఓపీలో పొద్దున్నుంచి వంద మందిని చూసేవాడికి బల్ల మీద తాళం వినే తీరిక ఎక్కడిది? యువతకు వచ్చే దడల్లో ఎక్కువ భాగం నిజంగానే ఆందోళన వల్లో, నిద్ర చాలకో, కాఫీ టీల వల్లో వచ్చేవే కదా? ‘తెలియదు’ అంటే రోగి ఇంకా బెదిరిపోయి పది పరీక్షలు చేయించుకోదా? అన్నాడు. మొదటి రెండూ ఒప్పుకుంటాను. నాకూ ఆందోళన ఉంది. మొదట గుండె పరుగెత్తింది, ఆ తర్వాత ఎప్పుడు పరుగెడుతుందో అని ఆందోళన పుట్టింది. మానసిక కారణమే అని తేలితే దానికీ వైద్యం ఉంది, అది చిన్నతనమేమీ కాదు. కానీ అది కూడా అడిగి, వెతికి తేల్చాల్సిన నిర్ధారణే. ఏదీ దొరకనప్పుడు చివర్న పడేసే గంప కాకూడదు. మూడో మాటను మాత్రం ఒప్పుకోను. నన్ను అయిదు గుమ్మాలు తిప్పింది ‘ఏమీ లేదు’ అన్న మాట. ‘తెలియదు’ అన్నాక నేను ఏ గుమ్మమూ తొక్కలేదు.

1871లోనే, అమెరికా అంతర్యుద్ధంలో సైనికులకు వైద్యం చేసిన జేకబ్ డా కోస్టా అనే డాక్టరు ఇదే సమస్య మీద పెద్ద వ్యాసం రాశాడు. గుండె పరుగెడుతోందనే సైనికులు, పరీక్షిస్తే గుండెలో కనిపించని జబ్బు. ఆయన వాళ్లను పిరికివాళ్లనలేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఎలా పడుకుంటే ఎక్కువవుతుంది అని అడిగి రాసుకున్నాడు. గుండెలో జబ్బు ఆయనకూ కనిపించలేదు. అయినా ఆ సైనికుల మాట నూటయాభై ఏళ్లుగా నిలిచి ఉంది.

రికార్డు కోసం నేను చేసిన ప్రయత్నం ఒకటి చెప్పాలి. నిరుడు ఆగస్టులో ఆఫీసులో ఉండగా మళ్లీ వచ్చింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా రెండు వీధుల అవతల ఉన్న రోగనిర్ధారణ కేంద్రానికి వెళ్లాను. అక్కడి అమ్మాయి గబగబా పడుకోబెట్టింది. ఛాతీ మీద చల్లని జెల్లీ రాసింది. ఒకటి, రెండు, మూడు, తీగలు పెడుతోంది. నేను పైకప్పు చూస్తూ, ఇంకొక్క నిమిషం, ఒక్క నిమిషం ఉండు అని నా గుండెను బతిమాలుతున్నాను. అయిదో తీగ పెడుతుండగా ఆగిపోయింది. కాగితం వచ్చింది: నిమిషానికి 88, నార్మల్. “ఇప్పుడు బాగానే ఉంది కదా అక్కా, ఏడుస్తారెందుకు?” అని ఆ అమ్మాయి దూది అందించింది. బాగైనందుకే ఏడుస్తున్నానని ఆమెకు ఎలా చెప్పను?

ఆ కాగితాన్ని మా అయిదో డాక్టరు గారు ఫైలులో పెట్టి, పక్కన తన చేత్తో రాశారు: ‘లక్షణం ఆగిన తర్వాత తీసినది.’ నాలుగు మాటలు. నేను అడిగేది అంతే.

సింహాచలం గిరి ప్రదక్షిణ చిన్నప్పటి నుంచి అమ్మతో చేస్తున్నాను. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు తొలి పావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే, సముద్రం పక్కనుంచి ఊరంతా చుట్టి కొండ కిందికి వచ్చేసరికి 32 కిలోమీటర్లు. ఈ దడ మొదలయ్యాక రెండేళ్లు అమ్మ వెళ్లనివ్వలేదు. డాక్టరు గారు నడవమన్నారని చెప్పినా వినలేదు. పోయిన ఆషాఢంలో నేనే ఆమెను డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్లాను. ఇద్దరూ పావుగంట మాట్లాడుకున్నారు, నేను బయట కూర్చున్నాను. బయటికి వచ్చి అమ్మ ఏమీ అనలేదు. ఇంటికి వెళ్లాక నా పుస్తకం తీసి తన చేతిసంచిలో పెట్టుకుంది.

హనుమంతవాక దాటాక జనం ఒత్తిడి పెరిగింది. పెద్దమ్మ, ఆమె కోడళ్లు మా వెనకే ఉన్నారు. అప్పుఘర్ దగ్గర సముద్రపు గాలి తగిలింది, స్నానాలకు దిగినవాళ్ల తడిబట్టలతో రోడ్డంతా తడిసి ఉంది. అక్కడ ఒక్క క్షణం నా చేయి దానంతటదే ఛాతీ మీదకు వెళ్లింది. అమ్మ చూసింది. నడక ఆపకుండా సంచిలోంచి పుస్తకం, పెన్ను తీసింది. పెద్దమ్మ వినేంత దూరంలో ఉందని ఆమెకు తెలుసు.

“చటుక్కున వచ్చిందా, మెల్లగానా?” అని అడిగింది.

“ఒక్క దెబ్బేనమ్మా. తప్పింది, అంతే.”

వీధి దీపం కింద నిలబడి టైము చూసి రాసుకుంది.